మత్తు డాక్టరు దగ్గర దాచకూడని మాట

(పెన్షనర్ల దినోత్సవ సభలో మన సంఘ సభ్యులు, విశ్రాంత ప్రభుత్వ మత్తు వైద్యులు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుని ఏటా ఈ పండుగ జరుపుకుంటున్నాం. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మనం చేసిన సేవకు దక్కిన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. ఆ హక్కును అనుభవించాలంటే ముందు మనిషి బతికి ఉండాలి గదా! అందుకే కాబోలు, మన కార్యదర్శి గారు ప్రతి సంవత్సరం ఒక డాక్టరు చేత మాట్లాడిస్తారు. గుండె డాక్టరు గారు వచ్చి వెళ్లారు. షుగరు డాక్టరు గారు వచ్చి వెళ్లారు. ఈసారి నా వంతు వచ్చింది.

నాది మత్తు డాక్టరు ఉద్యోగం. ఆపరేషన్ చేసిన సర్జన్ గారి పేరు పది కాలాలు గుర్తుంటుంది. మత్తు ఇచ్చినవాడి ముఖం కూడా ఎవరికీ గుర్తుండదు. గుర్తుండకపోతేనే మేము మా పని బాగా చేసినట్టు. చాలామంది అనుకునేదేమిటంటే, మత్తు డాక్టరు ఒక సూది వేసి, పక్కన కూర్చుని పేపరు చదువుకుంటాడని. నిజానికి సూది వేయడం నిమిషం పని. ఆ తరువాత రోగి ఊపిరి, నాడి, బి.పి., రక్తంలో ఆక్సిజన్, ఇవన్నీ ఆపరేషన్ అయ్యేదాకా మా చేతుల్లో ఉంటాయి. నిద్రపుచ్చడం కంటే క్షేమంగా లేపడం కష్టమైన విద్య.

ఈ విద్యతో మన గడ్డకు పాత సంబంధమే ఉంది. 1888, 1889 సంవత్సరాల్లో ఆరవ నిజాం ఖర్చుతో, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, హైదరాబాదులో రెండు క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరైన డాక్టర్ రూపాబాయి ఫుర్దూన్జీ పనిచేసింది కూడా హైదరాబాదులోనే. ఊపిరిని చూసుకుంటే చాలు, గుండెకు భయం లేదని ఆ కమిషన్లు తేల్చాయి. అది పొరపాటని, మత్తు పలచగా ఉన్నప్పుడు క్లోరోఫాం గుండెనే ఆపగలదని 1911లో లెవీ అనే ఆయన నిరూపించాడు. మా విద్యలో తెలియనితనానికి ఖరీదు ఎక్కువ అని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

ఇక అసలు విషయం. ఇలాంటి సభల్లో ఎవరూ నోట పలకని మాట ఒకటి ఈ రోజు పలుకుతాను. గంజాయి. కొందరు ముఖాలు చిట్లిస్తున్నారు. "మన ఇళ్లలో దాని ప్రసక్తి ఏముందండీ?" అని మీకు అనిపించవచ్చు. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. ఎందుకు మారానో చెబుతాను.

1998లో నేను ఒక జిల్లా ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. ఒక రాత్రి పదిన్నరకు కబురు వచ్చింది. ఇరవై ఏళ్ల కుర్రవాడు, కడుపునొప్పి, అపెండిక్స్ పగిలేలా ఉంది, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. తండ్రి మనలాంటి ఉద్యోగస్తుడే, నాకు ముఖపరిచయం ఉన్నవాడే. ఎప్పటిలాగే ప్రశ్నలు వేశాను. ఉబ్బసం ఉందా, మందులు పడవా, ఎప్పుడు తిన్నాడు. చివరగా, "ఏమైనా అలవాట్లున్నాయా?" అన్నాను. కుర్రవాడు నోరు తెరిచేలోగా తండ్రి అందుకున్నాడు. "మా వాడికి టీ కూడా అలవాటు లేదండీ. పుస్తకం తప్ప వేరే లోకం తెలియదు."

కుర్రవాడు తల పక్కకు తిప్పుకున్నాడు. నేను చూశాను. చూసి కూడా మళ్లీ అడగలేదు. కేసు షీటులో 'అలవాట్లు లేవు' అని రాసి సంతకం పెట్టాను.

థియేటర్‌లో అతని నాడి 140 కొడుతోంది. నొప్పి, జ్వరం, భయం వల్లనే అనుకున్నాను. ఆ బరువు మనిషికి సరిపోవలసిన థయోపెంటోన్ ఇచ్చినా కళ్లు మూతపడలేదు. ఇంకా ఇచ్చాను. మామూలుగా పట్టే మందుకు దాదాపు రెట్టింపు పట్టింది. ఆపరేషన్ బాగానే జరిగింది. చివర గొంతులోంచి గొట్టం తీసిన మరుక్షణం స్వరపేటిక బిగుసుకుపోయింది. ఛాతీ ఎగిసిపడుతోంది, లోపలికి గాలి పోవడం లేదు. పెదవులు నీలంగా మారాయి. మాస్కు బిగించి ఆక్సిజన్ పట్టాను, లొంగలేదు. కండరాలు వదులయ్యే ఇంజక్షన్ ఇచ్చి మళ్లీ గొట్టం వేశాను. అంతా కలిపి రెండు మూడు నిమిషాలు ఉంటుందేమో. నా సర్వీసులో అంత పొడుగైన నిమిషాలు మరి కొన్నే ఉన్నాయి.

కుర్రవాడు బతికాడు. మూడో రోజు రౌండ్స్‌లో తండ్రిని మందుల షాపుకు పంపి, మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగాను. "సార్, హాస్టల్లో రోజూ గంజాయి తాగుతాను. ఆ రోజు సాయంత్రం కడుపునొప్పి తగ్గుతుందని రెండుసార్లు తాగాను. నాన్నగారికి చెప్పకండి" అన్నాడు. నేను చెప్పలేదు.

జరిగినదానికంతా గంజాయే కారణమని నేను ప్రమాణం చేయలేను. గొంతు బిగుసుకోవడం ఏ అలవాటూ లేనివారిలోనూ జరుగుతుంది. కాని నాకు ముందే తెలిసి ఉంటే, వెన్నులో సూది ఇచ్చి ఆ ఆపరేషన్ జరిపించవచ్చునా అని ఆలోచించేవాణ్ణి. గొట్టం తీసే ముందు మరింత జాగ్రత్త పడేవాణ్ణి. తండ్రి అబద్ధం చెప్పలేదు, ఆయనకు తెలిసిందే చెప్పాడు. కుర్రవాడు తండ్రి ఎదుట చెప్పలేకపోయాడు. తప్పు నాది. అడగవలసిన ప్రశ్నను అడగవలసిన చోట అడగలేదు.

గంజాయి మనకు కొత్త కాదు. ఆయుర్వేదంలో విజయ అన్న పేరుతో వాడుతూనే ఉన్నారు. 1839లో కలకత్తాలో ఓషానెసీ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు దీని గుణాలపై వ్యాసం రాశాకే పాశ్చాత్య వైద్యులు దీన్ని పట్టించుకున్నారు. ఇందులో మత్తు కలిగించే పదార్థాన్ని టి.హెచ్.సి. అంటారు. ఇజ్రాయెల్‌లో మెషూలం, గావోనీ అనే శాస్త్రజ్ఞులు 1964లో దాన్ని విడదీశారు. తరువాత తెలిసిన విచిత్రమేమిటంటే, ఆ పదార్థం వెళ్లి కూర్చోవడానికి మన మెదడులో ముందే పీటలు వేసి ఉన్నాయి. మన శరీరమే తయారుచేసుకునే అలాంటి రసాయనాన్ని 1992లో కనిపెట్టి, మన సంస్కృతంలోని 'ఆనంద' శబ్దం తీసుకుని 'ఆనందమైడ్' అని పేరు పెట్టారు. నొప్పి, నిద్ర, ఆకలి, వాంతి, నాడి వేగం, వీటన్నిటితోనూ దానికి పని ఉంది. సరిగ్గా మత్తు డాక్టరుకు పని ఉన్నవి కూడా అవే. అందుకే ఇద్దరికీ పోటీ.

ఆ పోటీ ఎలా ఉంటుందో నాలుగు ముక్కల్లో మనవి చేస్తాను.

మొదటిది మందు మోతాదు. అప్పుడే గంజాయి తాగి వచ్చినవాడికి మా మందులు దానికి తోడై మత్తు ఎక్కువ కావచ్చు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడికి దీనికి వ్యతిరేకంగా, మామూలు మోతాదు ఆనకపోవచ్చు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో గంజాయి అమ్మకానికి 2014 నుంచి అనుమతి ఉంది. అక్కడ ఎండోస్కోపీ చేయించుకున్న 250 మంది రికార్డులు పరిశీలించి 2019లో ఒక నివేదిక ప్రకటించారు. గంజాయి అలవాటున్నవారికి ఫెంటనిల్ 14 శాతం, మిడజోలం 20 శాతం, ప్రొపొఫాల్ అనే మత్తుమందు 220 శాతం అధికంగా పట్టింది. అంటే ప్రొపొఫాల్ మూడింతలకు పైమాటే. అది చిన్న అధ్యయనమే, ఆ అంకెలు అందరికీ వర్తించవు. కాని దారి ఎటో తెలుస్తోంది. మందు ఎక్కువయ్యేకొద్దీ బి.పి. పడిపోవడం, ఊపిరి మందగించడం ఎక్కువ. తక్కువైతే రోగి మధ్యలో కదులుతాడు.

రెండవది గుండె. గంజాయి తాగగానే నాడి వేగం పెరుగుతుంది, గుండెకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. పొగ లోపలి కార్బన్ మోనాక్సైడ్ రక్తం మోసే ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. ఖర్చు పెరిగి ఆదాయం తగ్గిన సంసారం ఎలా ఉంటుందో మన పెన్షనర్లకు వేరే చెప్పనక్కరలేదు. గుండెపోటు వచ్చిన 3,882 మందిని విచారించి 2001లో అమెరికాలో ఒక అధ్యయనం ప్రకటించారు. గంజాయి తాగిన మొదటి గంటలో గుండెపోటు ప్రమాదం 4.8 రెట్లు పెరుగుతుందని అందులో తేలింది. ఇరవై ఏళ్లవాడి గుండె తట్టుకోవచ్చు. స్టెంటు వేయించుకున్న డెబ్బై ఏళ్లవాడి సంగతి వేరు.

మూడవది గొంతు, ఊపిరితిత్తులు. గంజాయి పొగను లోతుగా పీల్చి, లోపల పట్టి ఉంచుతారు. దానితో గొంతు, గాలి గొట్టాలు ముట్టుకుంటే ముడుచుకుపోయే స్థితికి వస్తాయి. కొండనాలుక వాచిపోయిన కేసులు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. నేను ఇందాక చెప్పిన కుర్రవాడికి జరిగినట్టు స్వరపేటిక బిగుసుకోవడం, పిల్లికూతలు రావడం, ఇవి మత్తు డాక్టరు ముందుగా తెలుసుకుని సిద్ధపడవలసినవి.

నాలుగవది ఆపరేషన్ తరువాతి కాలం. గంజాయి నొప్పిని తగ్గిస్తుందని పేరు. ఆశ్చర్యమేమిటంటే, రోజూ వాడేవారికి ఆపరేషన్ తరువాత నొప్పి ఎక్కువగా ఉండి, మార్ఫిన్ వంటి మందులు ఎక్కువ పడుతున్నట్టు అనేక అధ్యయనాల్లో తేలింది. పైగా ఆస్పత్రిలో గంజాయి ఉండదు. ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, చెమటలు, ఆకలి లేకపోవడం మొదలవుతాయి. కారణం తెలియక నర్సమ్మ మీద విసుక్కుంటాడు, ఇంటివాళ్లు మత్తు ఇంకా దిగలేదనుకుంటారు. తక్కువ మోతాదులో వాంతులు తగ్గించే ఈ సరుకే, ఏళ్ల తరబడి ఎక్కువగా వాడితే కొందరిలో ఆగని వాంతులు తెస్తుంది.

ఇదంతా కుర్రకారు గొడవ అని మీరు ఊరట పడుతున్నారేమో! 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన సర్వే ప్రకారం, 10 నుంచి 75 ఏళ్ల వయసు వారిలో 2.8 శాతం, అంటే సుమారు 3 కోట్ల 10 లక్షల మంది, అంతకు ముందు సంవత్సరంలో భంగు గాని, గంజాయి గాని, చరస్ గాని వాడారు. మన విశాఖ మన్యం నుంచి తరలుతూ పట్టుబడిన సరుకు సుమారు 2 లక్షల కిలోలను 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు తగలబెట్టారు. అంత సరుకు ఎవరో ఒకరి ఇంటి కోసం బయలుదేరిందే గదా!

ఇక మన వయసు వారి సంగతి. నేను రిటైరయ్యాక ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కొంతకాలం పనిచేశాను. మోకాలి చిప్ప మార్పిడికి ఒక పెద్దాయన వచ్చారు. వయసు 71. సిగరెట్టు ముట్టరు, మద్యం ముట్టరు, నిత్య పూజ చేసుకునే మనిషి. "ఇంగ్లీషు మందులు కాక ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగితే, "మోకాళ్ల నొప్పికి, నిద్రకు ఒక లేహ్యం తింటానండీ, రాత్రి ఉసిరికాయంత" అన్నారు. డబ్బా తెప్పించి చూస్తే అందులో విజయ ఉంది. ఆయనకు ఆ మాటకు అర్థం తెలియదు. "గంజాయి జాతిదండీ" అంటే పాపం, చెంపలు వేసుకున్నారు. ఆయన తప్పు ఏమీ లేదు. కాని ఆయన రక్తం పలచబడటానికి వార్ఫరిన్ కూడా వాడుతున్నారు. గంజాయి జాతి మందులతో వార్ఫరిన్ ప్రభావం పెరిగిన సందర్భాలు నమోదై ఉన్నాయి. రక్తపరీక్ష చేయించి, ఆ లేహ్యం ఆపించి, ఆపరేషన్‌ను కొన్నాళ్లు వాయిదా వేశాం. తరువాత క్షేమంగా జరిగింది. ఆయన ఆ డబ్బా మాట చెప్పడమే ఆయనను కాపాడింది.

మనలో చాలామంది పిల్లలు అమెరికాలో, కెనడాలో ఉన్నారు. కెనడాలో 2018 నుంచి, అమెరికాలో అనేక రాష్ట్రాల్లో, గంజాయి చట్టబద్ధం. నొప్పికి నూనె అని, నిద్రకు జెల్లీ బిళ్ల అని సదుద్దేశంతోనే ఎవరైనా మీ చేతిలో పెట్టవచ్చు. తినేది తాగేదానికంటే మోసకారి. పొగ నిమిషాల్లో పనిచేస్తుంది. తిన్నది అరగంట నుంచి రెండు గంటల దాకా ఊరుకుని, ఆ తరువాత చాలా గంటలు పట్టుకుంటుంది. పనిచేయలేదనుకుని రెండోది వేసుకుంటారు. అక్కడి నుంచి ఇక్కడికి అలాంటివి తెచ్చుకోవడం మన చట్టం ప్రకారం నేరమయ్యే ప్రమాదం కూడా ఉంది. అక్కడ మీకు ఆపరేషన్ అవసరపడితే, "గంజాయి వాడతారా?" అని మిమ్మల్నీ అడుగుతారు. అవమానంగా భావించకండి. ఆపరేషన్‌కు వచ్చే ప్రతి ఒక్కరినీ ఆ ప్రశ్న అడగాలని 2023లో అక్కడి మత్తు వైద్యుల సంఘం ఒకటి సిఫారసు చేసింది. పొగ తాగి కనీసం 2 గంటలైనా గడవనిదే, వాయిదా వేయగల ఆపరేషన్ చేయవద్దని కూడా చెప్పింది. మత్తులో ఉన్నవాడు అంగీకార పత్రం మీద సంతకం పెడితే అది సంతకమూ కాదు.

ఇప్పుడు మీరు ఇంటికి తీసుకువెళ్లవలసిన మాటలు చెబుతాను. కార్యదర్శి గారు వీటిని మన పత్రికలో విడిగా అచ్చు వేస్తే సంతోషిస్తాను.

1. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు చూసేటప్పుడు, మీరు వాడే ప్రతిదీ చెప్పండి. మాత్రలు, లేహ్యాలు, చూర్ణాలు, నూనెలు, నిద్రమాత్రలు, మద్యం, పొగాకు, నశ్యం, గంజాయి. పేరు తెలియకపోతే డబ్బాయే పట్టుకుని వెళ్లండి.

2. నాలుగు సంగతులు చెబితే చాలు. ఏ రూపంలో, ఎంత, ఎన్నాళ్లుగా, చివరిసారి ఎప్పుడు. చివరిది అన్నిటికంటే ముఖ్యం.

3. ఆపరేషన్ రోజున ఏ రూపంలోనూ వాడవద్దు. భయం పోతుందని అసలే వద్దు. చాలా కాలంగా ఎక్కువగా వాడేవారు ఉన్నట్టుండి సొంతంగా ఆపకుండా, ముందే డాక్టరుకు చెప్పి ఆయన సలహా ప్రకారం తగ్గించుకోవాలి. టి.హెచ్.సి. కొవ్వులో దాగి ఉంటుంది. రోజూ వాడేవారి మూత్రంలో వారాల తరబడి కనిపిస్తుంది. నిన్న మానేశాను గనుక చెప్పనక్కరలేదు అనుకోవద్దు.

4. అర్జెంటు ఆపరేషన్ అయితే గంజాయి తాగాడని ఆపరు, ఆపకూడదు కూడా. కాని తెలిస్తే డాక్టరు తన పద్ధతి మార్చుకుంటాడు. 

5. మీ పిల్లవాడి తరఫున, మనవడి తరఫున మీరు జవాబు చెప్పకండి. "డాక్టరు గారూ, మీరు మాట్లాడండి, నేను బయట కూర్చుంటాను" అని లేవండి. ఆ అయిదు నిమిషాలు మీ పెంపకానికి పరీక్ష కాదు, వాడి ప్రాణానికి రక్ష.

చట్టం మాట కొందరికి భయం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి వాడకం నేరమే. పూత లేని ఆకు, అంటే భంగు, ఆ చట్టంలోని గంజాయి నిర్వచనంలోకి రాదు గాని దానిపై రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉన్నాయి. అయితే డాక్టరు పోలీసు కాడు. వైద్యం సందర్భంలో తెలిసిన రోగి రహస్యాన్ని, కోర్టు ఉత్తర్వు వంటి ప్రత్యేక కారణాలు తప్ప, బయట పెట్టరాదని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. అలవాటు మానాలని తనంతట తాను చికిత్సకు వచ్చేవారికి రక్షణ కల్పించే సెక్షన్ 64ఎ కూడా ఆ 1985 చట్టంలోనే ఉంది. సలహా కోసం 14446 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. ఇక బిల్లు, రీయింబర్స్‌మెంటు అంటారా? అవి తరువాత చూసుకోవచ్చు. మనిషి తిరిగి లేస్తేనే గదా బిల్లు పెట్టుకునేది!

చివరగా ఒక్క మాట. 1998 నాటి ఆ కుర్రవాడు 2022లో నన్ను వెతుక్కుంటూ ఆస్పత్రికి వచ్చాడు. ఇప్పుడతడు నడివయసు మనిషి, మంచి ఉద్యోగంలో ఉన్నాడు. ఆ అలవాటు మానడానికి అతనికి నాలుగేళ్లు పట్టిందట. తండ్రి పోయేదాకా ఆయనకు ఆ సంగతి తెలియదట. వచ్చింది తన కొడుకు కోసం. పదిహేడేళ్లవాడు, క్రికెట్ ఆడుతూ చేయి విరగ్గొట్టుకున్నాడు. నేను కాగితాలు ముందు పెట్టుకుని ప్రశ్నలు మొదలుపెట్టబోతుంటే, తండ్రి కుర్చీలోంచి లేచాడు.

"సార్, మీరు వాడితో మాట్లాడండి. నేను టీ తాగి వస్తాను" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు.

ఆ పిల్లవాడు నాతో ఏం చెప్పాడన్నది వాడికీ నాకూ మధ్య ఉన్న మాట. తన కథ వరకు, పేరూ ఊరూ లేకుండా, ఎక్కడైనా చెప్పుకోవచ్చునని ఆ తండ్రి అనుమతి ఇచ్చాడు గనుక మీతో పంచుకున్నాను. ఆపరేషన్ బాగా జరిగింది. పిల్లవాడు హాయిగా నిద్రపోయి, హాయిగా లేచాడు.

మీ అందరికీ ఆపరేషన్లే అవసరం లేని ఆరోగ్యం కలగాలని కోరుకుంటున్నాను. ఒకవేళ అవసరం వస్తే, మీ తలవైపు నిలబడే ఆ ముక్కుమొహం తెలియని మనిషికి నిజం చెప్పమని వేడుకుంటున్నాను.